క్యాబ్‌లో కెమెరా ఉంటే భద్రత ఉన్నట్టేనా? డ్రైవర్లు, ప్రయాణికులు తెలుసుకోవాల్సిన విషయాలు

రాత్రి పదకొండు దాటింది. మాదాపూర్‌లో ఆఫీసు నుంచి బయటకొచ్చి క్యాబ్ ఎక్కారు. ముందు అద్దం దగ్గర చిన్న కెమెరా, దానిపై వెలుగుతున్న ఎర్ర లైటు కనిపించాయి. 'హమ్మయ్య, కెమెరా ఉంది' అనుకోవాలా? లేక 'నన్నెందుకు రికార్డు చేస్తున్నారు?' అని అడగాలా?

స్టీరింగ్ ముందు కూర్చున్న డ్రైవర్‌కూ భయం ఉంటుంది. వెనక ఎక్కింది ఎవరో తెలియదు. తాగి ఉన్నారో, డబ్బులివ్వకుండా గొడవకు దిగుతారో, శివారుకు తీసుకెళ్లమని అక్కడ కత్తి చూపిస్తారో తెలియదు. రేపు ఎవరైనా తప్పుడు ఫిర్యాదు చేస్తే తన మాట నమ్మేవారు ఉండరన్న బెంగ వేరే. అందుకే చాలామంది డ్రైవర్లు సొంత డబ్బుతో డ్యాష్‌క్యామ్‌లు పెట్టించుకుంటున్నారు.

మరి టాక్సీలో కెమెరా పెట్టాలని చట్టం చెబుతోందా? ఆ వీడియో ఎవరి చేతిలో ఉండాలి? కోర్టులో చెల్లాలంటే ఏం చేయాలి? ఒక్కొక్కటిగా చూద్దాం.

వీడియో ఉన్నా కేసు ఎందుకు నిలబడలేదు?

తెలుగువారికి బాగా గుర్తున్న ఒక కేసుతో మొదలుపెడదాం. మచిలీపట్నానికి చెందిన 23 ఏళ్ల సాఫ్ట్‌వేర్ ఇంజినీర్ క్రిస్మస్ సెలవులకు ఇంటికి వచ్చి, 2014 జనవరి 5న తెల్లవారుజామున ముంబయిలోని లోకమాన్య తిలక్ టెర్మినస్‌లో రైలు దిగారు. ఆ తర్వాత ఆమె కనిపించలేదు. జనవరి 16న కాంజూర్‌మార్గ్ ప్రాంతంలో మృతదేహం దొరికింది. హాస్టల్ దగ్గర దింపుతానని నమ్మించి ఒక వ్యక్తి ఆమెను తీసుకెళ్లాడన్నది ప్రాసిక్యూషన్ వాదన. స్టేషన్ సీసీటీవీ దృశ్యాలే ఆ కేసుకు కీలకమయ్యాయి.

2015లో సెషన్స్ కోర్టు నిందితుడికి మరణశిక్ష వేసింది. 2018లో బాంబే హైకోర్టు దాన్ని సమర్థించింది. కానీ 2025 జనవరి 28న సుప్రీంకోర్టు అతణ్ని నిర్దోషిగా విడుదల చేసింది. సాక్ష్యాల్లోని ఇతర లోపాలతో పాటు, సీసీటీవీ వీడియోకు చట్టప్రకారం ఉండాల్సిన సర్టిఫికెట్ లేదని, కాబట్టి దాన్ని పరిగణనలోకి తీసుకోలేమని చెప్పింది. అంటే పదకొండేళ్ల తర్వాత కూడా ఆ యువతి మరణానికి ఎవరూ బాధ్యులుగా తేలలేదు.

అది స్టేషన్ కెమెరా. అయినా టాక్సీలో కెమెరా గురించి మాట్లాడే ముందు ఈ విషయం గుర్తుంచుకోవాలి. కెమెరా పెట్టగానే పని అయిపోదు. ఆ వీడియోను ఎలా దాస్తారు, ఎవరు తీస్తారు, కోర్టుకు ఎలా అందిస్తారు అన్నవే అసలు ప్రశ్నలు.

టాక్సీల్లో కెమెరా తప్పనిసరా?

కాదు. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో క్యాబ్ లోపల కెమెరా ఉండాల్సిందేనన్న నియమం లేదు. తప్పనిసరి చేసినవి రెండే: వాహనం ఎక్కడుందో చెప్పే ట్రాకింగ్ పరికరం, అత్యవసర బటన్. 2016 నవంబరులో వచ్చిన 125-హెచ్ నిబంధన ప్రకారం ప్రజా రవాణా వాహనాల్లో ఈ రెండూ ఉండాలి. కొత్తగా రిజిస్టర్ అయ్యే వాహనాలకు 2019 జనవరి 1 నుంచి ఇది అమల్లోకి వచ్చింది. వీటికి పాటించాల్సిన ప్రమాణాన్ని ఏఐఎస్-140 అంటారు.

అయితే ఈ నిబంధన నుంచి ద్విచక్ర వాహనాలకు, ఆటోలకు, ఈ-రిక్షాలకు మినహాయింపు ఉంది. మన నగరాల్లో రోజూ లక్షల మంది ఎక్కేది ఆటోలు, బైక్ ట్యాక్సీలే. ఈ లోటు తీర్చేందుకే ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2020 నవంబరులో విశాఖపట్నంలో 'అభయం' ప్రాజెక్టును మొదలుపెట్టింది. తొలి దశలో వెయ్యి ఆటోల్లో ట్రాకింగ్ పరికరాలు, అత్యవసర బటన్లు అమర్చింది. అందులోనూ కెమెరా లేదు.

తెలంగాణలో 2013 అక్టోబరు నాటి 'అభయ' కేసు క్యాబ్‌ల భద్రతపై చర్చకు దారితీసింది. మాదాపూర్‌లో ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని కారు ఎక్కి, దాడికి గురైన ఘటన అది. ఏడాది తర్వాత 2014 అక్టోబరు 24న షీ టీమ్స్ మొదలయ్యాయి. 2024 మార్చిలో రాష్ట్ర పోలీసులు 'టీ-సేఫ్' సేవను తెచ్చారు. ఇందులో ప్రయాణం మొదలైనప్పటి నుంచి ముగిసేవరకు పోలీసులు వాహనం కదలికలను గమనిస్తారు. ఇది కూడా లొకేషన్ ఆధారంగా నడిచేదే.

కెమెరాతో నేరాలు తగ్గుతాయా?

డ్రైవర్ల భద్రత విషయంలో గట్టి ఆధారమే ఉంది. అమెరికాలో వృత్తి భద్రతపై పరిశోధించే ప్రభుత్వ సంస్థ నియోష్ నిపుణులు 26 పెద్ద నగరాల్లో 1996 నుంచి 2010 వరకు టాక్సీ డ్రైవర్ల హత్యల లెక్కలను పరిశీలించారు. కెమెరాలు పెట్టిన నగరాల్లో హత్యల రేటు, ఏ రక్షణా లేని నగరాల కంటే దాదాపు మూడు రెట్లు తక్కువగా ఉన్నట్టు 2013లో ప్రచురించారు. డ్రైవర్‌కు, వెనక సీటుకు మధ్య అడ్డుగోడలు పెట్టిన నగరాల్లో అంతటి తేడా కనిపించలేదు.

న్యూజిలాండ్‌ కథ మనకు కాస్త దగ్గరిది. 2010 జనవరిలో ఆక్లాండ్‌లో భారత సంతతికి చెందిన టాక్సీ డ్రైవర్‌ను ఒక ప్రయాణికుడు కత్తితో పొడిచి చంపాడు. డ్రైవర్లు రోడ్డెక్కారు. ప్రభుత్వం నిబంధనలు మార్చి, 2011 ఆగస్టు 1 నుంచి ప్రధాన నగరాలు, పట్టణాల్లోని టాక్సీల్లో కెమెరాలను తప్పనిసరి చేసింది. 2017లో దీన్ని కొంత సడలించారు. డ్రైవర్, ప్రయాణికుడు ఇద్దరి వివరాలూ ముందే నమోదై ఉండే యాప్ ప్రయాణాలకు మినహాయింపు ఇచ్చారు. ఎక్కింది ఎవరో రికార్డులో ఉంటే అదీ ఒక రక్షణే అన్నది అక్కడి లెక్క.

ఇక్కడ ఒక మాట గమనించాలి. కెమెరా చేయి పట్టుకుని ఆపదు. 'దొరికిపోతాం' అన్న భయం పుట్టించడమే దాని పని. కాబట్టి కెమెరా కనపడాలి, ఉందని తెలియాలి. ఒళ్లు తెలియనంతగా తాగినవాడికి ఆ భయం ఉండకపోవచ్చు. ముఖానికి గుడ్డ కట్టుకున్నవాడి విషయంలోనూ ఉపయోగం తక్కువే.

ప్రయాణికులకు అంతే రక్షణ ఉంటుందా?

అసలు చిక్కు ఇక్కడే. డ్రైవర్ సొంతంగా పెట్టుకున్న కెమెరాలో మెమరీ కార్డు ఆయన చేతిలోనే ఉంటుంది. ఆన్ చేసేది, ఆఫ్ చేసేది ఆయనే. ప్రయాణికుడు దాడి చేస్తే ఆ కార్డు డ్రైవర్‌ను కాపాడుతుంది. నేరం చేసేది డ్రైవరే అయితే కార్డు తీసి పారేయడానికి అర నిమిషం పట్టదు.

అందుకే కెమెరాలపై నియమాలు పెట్టిన దేశాలు తాళంచెవి డ్రైవర్‌కు ఇవ్వలేదు. సింగపూర్‌లో టాక్సీ లోపలి వైపు చూసే కెమెరా పెట్టాలంటే రవాణా సంస్థ ఎల్‌టీఏ అనుమతి కావాలి. రికార్డయిన వీడియోను డ్రైవర్ చూడలేడు, బయటకు తీయలేడు. వాహనంలో కెమెరా ఉందని బోర్డు పెట్టాలి.

యాప్ సంస్థలు ఇంకో దారి పట్టాయి. ఊబర్ మన దేశంలోనూ ఆడియో రికార్డింగ్ సదుపాయం ఇచ్చింది. ఆ ఫైలు ఫోన్‌లోనే తాళం వేసినట్టు ఉంటుంది. రికార్డు చేసినవారు కూడా దాన్ని వినలేరు. ఫిర్యాదుతో పాటు పంపితేనే సంస్థ దాన్ని తెరుస్తుంది. మీ యాప్‌లో భద్రతకు సంబంధించిన విభాగాన్ని ఒకసారి తెరిచి, ఇలాంటివి ఏమున్నాయో ముందే చూసుకోవడం మంచిది. ఆపద వచ్చాక వెతికే తీరిక ఉండదు.

కెమెరా ఉంది కదా అని డ్రైవర్ల వివరాల తనిఖీని వదిలేయడానికి లేదు. 2014 డిసెంబరులో ఢిల్లీలో యాప్ క్యాబ్ ఎక్కిన యువతిపై డ్రైవర్ అత్యాచారం చేశాడు. అతనిపై అంతకుముందే కేసులున్నాయని తర్వాత బయటపడింది. అలాంటివారు స్టీరింగ్ దాకా రాకుండా ఆపడం కెమెరా వల్ల కాదు.

మరి నా గోప్యత సంగతి?

క్యాబ్ డ్రైవర్‌కు అది పనిచేసే చోటు, మీకు కాసేపు సొంత గది లాంటిది. ఫోన్‌లో ఇంటి గొడవ మాట్లాడతారు, ఆఫీసు రహస్యం చెబుతారు, ఓటీపీ పైకి చదువుతారు, అలసి నిద్రపోతారు. ఇవన్నీ ఎవరి దగ్గరో వీడియోగా ఉండటం చిన్న విషయం కాదు.

2018లో అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో ఒక యాప్ క్యాబ్ డ్రైవర్ తన ప్రయాణికులను వారికి చెప్పకుండా ఇంటర్నెట్‌లో ప్రత్యక్ష ప్రసారం చేస్తున్నాడని అక్కడి పత్రిక బయటపెట్టింది. కెమెరా దేనికని అడిగిన వారికి అతను చెప్పిన సమాధానం 'భద్రత కోసం'.

బ్రిటన్‌లోని సౌతాంప్టన్ నగర పాలక సంస్థ టాక్సీల్లో వీడియోతో పాటు మాటలనూ నిరంతరం రికార్డు చేయాలని నియమం పెట్టింది. సమాచార కమిషనర్ అభ్యంతరం చెప్పారు. 2013లో ట్రైబ్యునల్ కమిషనర్‌నే సమర్థించింది. వీడియో సరే కానీ, ప్రతి ప్రయాణంలో ప్రతి మాటనూ రికార్డు చేయడం అవసరానికి మించినదని తేల్చింది. కెమెరా, మైకు ఒకటి కాదన్నది ఈ తీర్పు చెప్పే విషయం.

మన దేశంలో గోప్యత ప్రాథమిక హక్కేనని సుప్రీంకోర్టు 2017 ఆగస్టు 24న తీర్పు ఇచ్చింది. ఇతర చట్టాలు ఇలా ఉన్నాయి:

ఐటీ చట్టం సెక్షన్ 66-ఈ: అనుమతి లేకుండా ఒకరి శరీరంలోని గోప్య భాగాలను చిత్రీకరించినా, పంపినా మూడేళ్ల వరకు జైలు లేదా రూ.2 లక్షల వరకు జరిమానా, లేదా రెండూ.

భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 77: మహిళ ఏకాంతంలో ఉన్నప్పుడు దొంగచాటుగా చూడటం, చిత్రీకరించడం నేరం. సెక్షన్ 79 కింద మహిళను అవమానించే ఉద్దేశంతో ఆమె గోప్యతలోకి చొరబడటం నేరం.

డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, 2023: వ్యక్తిగత, ఇంటి అవసరాలకు ఈ చట్టం నుంచి మినహాయింపు ఉంది. కిరాయికి తిప్పే బండిలోని కెమెరా ఆ కోవలోకి వస్తుందని చెప్పడం కష్టం. దీని నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. ప్రధాన బాధ్యతలు అమల్లోకి రావడానికి 18 నెలల గడువు ఇచ్చారు.

సాధారణంగా కూర్చుని ప్రయాణిస్తున్న మీ వీడియోను ఎవరైనా సరదాగా సోషల్ మీడియాలో పెడితే ఐటీ చట్టం 66-ఈ నేరుగా వర్తించదు. ఆ ఖాళీని నింపాల్సింది డేటా రక్షణ చట్టమే.

కోర్టులో చెల్లాలంటే ఏం చేయాలి?

2024 జులై 1 నుంచి పాత సాక్ష్య చట్టం స్థానంలో భారతీయ సాక్ష్య అధినియం వచ్చింది. పాత 65-బీ సెక్షన్ స్థానంలో ఇప్పుడు సెక్షన్ 63 ఉంది. వీడియో కాపీని సాక్ష్యంగా ఇవ్వాలంటే దానితో పాటు సర్టిఫికెట్ ఇవ్వాలి. అందులో రెండు భాగాలుంటాయి. మొదటిది పరికరం ఎవరి అధీనంలో ఉందో వారు నింపేది, రెండోది నిపుణుడు నింపేది. ఫైలు 'హ్యాష్' విలువనూ రాయాలి. అది ఫైలుకు వేలిముద్ర లాంటిది. వీడియోలో చిన్న మార్పు చేసినా ఆ విలువ మారిపోతుంది.

ఇలాంటి సర్టిఫికెట్ తప్పనిసరని సుప్రీంకోర్టు 2020 జులైలోనే స్పష్టం చేసింది. అసలు పరికరాన్నే కోర్టు ముందుంచి, దాని యజమాని సాక్ష్యం చెబితే సర్టిఫికెట్ అక్కర్లేదని కూడా అదే తీర్పులో పాత చట్టం కింద చెప్పింది. కాబట్టి అసలు కార్డును పోగొట్టుకోకూడదు.

ఏదైనా ఘటన జరిగితే డ్రైవర్లు ఇలా చేయాలి:

1. వెంటనే కెమెరా ఆపి మెమరీ కార్డు బయటకు తీయండి. లేకపోతే కార్డు నిండాక పాత వీడియోపై కొత్తది ఎక్కేస్తుంది.

2. కెమెరా తెరపై ఆడుతున్న వీడియోను ఫోన్‌తో తీసి వాట్సాప్‌లో పంపడం సాక్ష్యం కాదు. వాట్సాప్ ఫైలు సైజు తగ్గిస్తుంది, హ్యాష్ విలువ మారిపోతుంది.

3. వీడియోను కత్తిరించకండి, పేరు మార్చకండి, పైన అక్షరాలు వేయకండి.

4. కార్డును పోలీసులకు ఇచ్చేటప్పుడు పంచనామాలో దాని కంపెనీ, సామర్థ్యం, సీరియల్ నంబరు రాయించి, కాపీ అడిగి తీసుకోండి. సెక్షన్ 63 సర్టిఫికెట్ గురించి దర్యాప్తు అధికారిని అప్పుడే అడగండి.

5. గ్రూపుల్లో పెట్టకండి. నిందితుడి వీడియోలో బాధితులు కూడా ఉంటారు. లైంగిక నేరాల్లో బాధితుల గుర్తింపు బయటపెట్టడం శిక్షార్హమైన నేరం.

కెమెరా కొనేటప్పుడు ఏం చూడాలి?

ఒక డ్యాష్‌క్యామ్ ముందు రోడ్డును మాత్రమే తీస్తుంది. క్యాబ్‌కు కావాల్సింది రోడ్డును, లోపలి సీట్లను కూడా తీసే రెండు కెమెరాల రకం. లోపలి కెమెరాకు ఇన్‌ఫ్రారెడ్ లైట్లు లేకపోతే రాత్రి నల్లటి తెర తప్ప ఏమీ రాదు. నేరాల భయం ఎక్కువ ఉండేదే రాత్రి.

ఎండాకాలం మన దగ్గర పెద్ద పరీక్ష. రామగుండంలోనో విజయవాడలోనో మే నెలలో ఎండలో ఆపిన కారు అద్దం దగ్గర వేడి ఎలా ఉంటుందో డ్రైవర్లకు చెప్పక్కర్లేదు. బ్యాటరీ ఉన్న కెమెరాలు ఆ వేడికి ఉబ్బుతాయి. బ్యాటరీకి బదులు సూపర్ కెపాసిటర్ వాడే రకం మన్నుతుంది.

కార్డు లెక్క కూడా తెలుసుకోవాలి. ఫుల్ హెచ్‌డీ వీడియోకు ఒక కెమెరా గంటకు సుమారు 6 నుంచి 7 జీబీ తీసుకుంటుంది. రెండు కెమెరాలు నడిస్తే 128 జీబీ కార్డు సుమారు పది గంటల్లోనే నిండిపోతుంది. అంటే సోమవారం పొద్దున జరిగిన గొడవపై మంగళవారం ఫిర్యాదు వస్తే, వీడియో ఉండకపోవచ్చు. నిరంతర రికార్డింగ్‌కు తట్టుకునే 'హై ఎండ్యూరెన్స్' కార్డే కొనాలి.

తేదీ, సమయం సరిగ్గా ఉన్నాయో లేదో వారానికోసారి చూడాలి. గడియారం తప్పుగా ఉన్న వీడియోను అవతలి లాయరు మొదటి ప్రశ్నతోనే పక్కన పెట్టించగలడు. కెమెరా డ్రైవర్ చూపుకు అడ్డు రాకుండా, ఎయిర్‌బ్యాగ్ దారిలో లేకుండా బిగించాలి.

అన్నిటికంటే ముఖ్యం, వెనక సీటులో కూర్చున్నవారికి కనపడేలా 'ఈ వాహనంలో వీడియో రికార్డింగ్ జరుగుతోంది' అని తెలుగులో, ఇంగ్లిష్‌లో స్టిక్కర్ అంటించాలి. అది ప్రయాణికుడికి ఇచ్చే మర్యాద, నేరగాడికి చేసే హెచ్చరిక కూడా. మైకు అవసరం లేకపోతే ఆఫ్ చేసి పెట్టండి.

ప్రయాణికులు ఏం చేయాలి?

ఎక్కగానే బండి నంబరు, యాప్‌లోని నంబరు ఒకటేనా చూసుకోండి. కెమెరా కనిపిస్తే 'అన్నా, ఇది రికార్డు అవుతోందా? మాటలు కూడానా?' అని అడగండి. అడగటంలో తప్పు లేదు. రికార్డు వద్దనుకుంటే దిగిపోయి వేరే బండి బుక్ చేసుకోవచ్చు. లోపలి కెమెరాను రహస్యంగా పెట్టినట్టు అనిపిస్తే యాప్‌లో ఫిర్యాదు చేయండి.

ఓటీపీ, కార్డు నంబర్లు పైకి చదవకండి. అత్యవసర బటన్ ఎక్కడుందో ఒకసారి చూసుకోండి. ఆపదలో 112కు ఫోన్ చేయండి. మహిళల సహాయానికి 181 ఉంది. మీ వీడియోను ఎవరైనా ఇంటర్నెట్‌లో పెడితే జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో ఫిర్యాదు చేయవచ్చు.

క్యాబ్‌లో గొడవ జరిగి, బండిలో కెమెరా ఉంటే ఆలస్యం చేయకండి. ఆ వీడియో పది గంటల్లో చెరిగిపోవచ్చని పైన చూశాం. ఫిర్యాదులోనే 'వాహనంలో కెమెరా ఉంది, వీడియోను భద్రపరచండి' అని రాయండి.

తేలాల్సిన ప్రశ్నలు

ఇప్పుడు మన దగ్గర కెమెరా పెట్టుకోవడం డ్రైవర్ ఇష్టం, ఖర్చు డ్రైవర్‌దే. వీడియో ఎన్ని రోజులు ఉంచాలి, ఎవరు చూడవచ్చు, మాటలు రికార్డు చేయవచ్చా, స్టిక్కర్ తప్పనిసరా అన్నవాటికి టాక్సీల కోసమే రాసిన నియమాలు లేవు. నెల వాయిదాలు కట్టుకోవడానికే రోజుకు పన్నెండు గంటలు తిప్పే డ్రైవర్‌పై ఇంకో పరికరం భారం వేయాలంటే ఖర్చు ఎవరు పెట్టుకుంటారో కూడా తేల్చాలి.

నియమాలు వచ్చేవరకు స్టిక్కర్ అంటించడం, గడియారం సరిచూడటం, కార్డును కాపాడటం డ్రైవర్ చేతిలో ఉన్నవి. అడగటం, వెంటనే ఫిర్యాదు చేయడం ప్రయాణికుడి చేతిలో ఉన్నవి. సర్టిఫికెట్ జత చేయడం పోలీసుల పని. ఈ మూడింటిలో ఏది తప్పినా, అద్దం దగ్గర వెలుగుతున్న ఆ ఎర్ర లైటు వల్ల ఎవరికీ పెద్ద ఉపయోగం ఉండదు.